అత్తయ్య తలుచుకుంటే

పొద్దున లేవగానే కోడలు చేసే మొదటి పని ముందుగది కిటికీ రెక్కలు బార్లా తెరవడం. ఆమె పనికి ఎండ కావాలి, అదీ ఇంకా పచ్చబడని పొద్దుటి ఎండ కావాలి. కిటికీ కింద బల్ల, బల్ల మీద మైనం, అచ్చులు, నీళ్ళగిన్నె, వెంట్రుకంత సన్నటి కుంచెలు, ఎర్ర పట్టుదారం ఉండ. ఆమె కళ్ళు చేస్తుంది. జబ్బు చేసో దెబ్బ తగిలో ఒక కన్ను తీసేయించుకున్నవాళ్ళు వస్తే ఎదురుగా కూర్చోబెట్టి, మిగిలిన కంటిని చూస్తూ దానికి జోడీ తయారుచేస్తుంది. తెల్లగుడ్డు మీద దారప్పోగులు పరిచి నరాలు తీస్తుంది. నల్లగుడ్డుకి రంగు మీద రంగు పూస్తుంది. మధ్యలో కంటిపాప చుక్క పెడుతుంది. పెట్టుకుని వీధిలోకి వెళితే కన్నతల్లి కూడా ఏది ఏదో పోల్చుకోలేదు. "చూడ్డం ఒక్కటే తక్కువ, మిగతా అంతా కన్నే," అని మాత్రం ప్రతివాళ్ళకీ ముందే చెప్పేస్తుంది, తర్వాత గొడవలొద్దని.

వీధిలో అందరూ ఆమెను కళ్ళమ్మాయి అంటారు. నలభైకి దగ్గరపడినా వాళ్ళకి ఆమె అమ్మాయే.

ఆ పొద్దున కూడా కిటికీ తెరిచి, పాలు కాచి, అత్తగారికి కాఫీ కలిపి ఇచ్చి, కదలకుండా పక్కనే నిలబడింది.

"అత్తయ్యా, ఆయన్ని రప్పించరూ?"

"ఇంకా మొహమైనా కడుక్కోలేదే తల్లీ."

"ఒక్కసారి. కాఫీ తాగేలోపు."

అత్తగారు కప్పు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. గోడవార ఉన్న చెక్కకుర్చీలో ముందు మోకాళ్ళొచ్చాయి, తర్వాత చేతులు, భుజాలు, ఆఖరికి మొహం. ఆరేళ్ళ కిందట పోయిన కొడుకు కుర్చీలో కూర్చుని కిటికీ వైపు చూస్తున్నాడు. కోడలు అతనికేసి చూస్తూ తన కాఫీ తాగేసి, పనిలో పడింది.

ఇందులో ఆశ్చర్యపోవడానికేమీ లేదు. ఆవిడ ఏది తలుచుకుంటే అది ఇంట్లో కనిపిస్తుంది, అంతే. ఆవిడ కొత్తకోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ ఉన్నదే. గడప దాటిందంటే ఆవిడ ఊహలు కూడా నీవీ నావీ లాగే తలలోపలే పడి ఉంటాయి. గడప లోపల మాత్రం దాపరికం కుదరదు. ఒకసారికి ఒక్కటే వస్తుంది. మాట్లాడదు, చెయ్యి పెడితే తగలదు. మామగారు బతికున్న రోజుల్లో ఇద్దరికీ మాటామాటా వచ్చి ఆవిడ మూతి ముడుచుకుంటే నట్టింట్లో ఒక గాడిద నిలబడేది. ఆయనకి అర్థమైపోయేది. పక్కింట్లో ఉండే చెల్లెలు, అంటే కోడలికి చిన్నత్త, పేకాటకి వచ్చి కూర్చునేది. అక్క ఏ ముక్క కోసం ఆశపడుతోందో ఆ ముక్క తలుపంత ఎత్తున గాల్లో వేలాడేది. "నీతో ఆడ్డంలో ఉన్న సుఖం ఎక్కడా లేదక్కా," అంటూ చిన్నత్త గెలుచుకుంటూ పోయేది.

ఎదురుగా లేని మనుషులే వస్తారు. తలుచుకున్న మనిషి నిజంగా గుమ్మంలోకి వచ్చేస్తే ఊహ చెదిరిపోతుంది. ఎవరి చోటు వాళ్ళకిచ్చి మర్యాదగా తప్పుకున్నట్టే ఉంటుంది.

కోడలి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఆమె కళ్ళు మూసుకుంటే చీకటి తప్ప ఏమీ ఉండదు. ఊహించుకోవడం అనేది మాటవరసకి అనే మాటే అనుకుంటూ పెరిగింది, గుండె కరిగిందని అన్నట్టు. పెళ్ళైన కొత్తలో ఆయన పనిమీద ఊరెళ్ళి వచ్చి, "నేను గుర్తొచ్చానా?" అని అడిగాడు. వచ్చారంది. "ఎలా కనిపించాను?" అన్నాడు. "కనిపించడమేమిటండీ?" అంది. ఆయన నమ్మడానికి చాలాసేపు పట్టింది. నమ్మాక పడీపడీ నవ్వాడు. "అయితే నేను చస్తే నా మొహం కూడా నీ దగ్గరుండదన్నమాట!"

సరదాకే అన్నాడు. కొన్నేళ్ళకి ఒకరోజు పనిలో ఉండగానే ఆయన గుండె ఆగిపోయింది. ఆ వారమంతా కోడలు మంచం మీద కళ్ళు మూసుకుని ఆయన కోసం వెతికింది. ఎత్తుగా ఉండేవాడని తెలుసు. ఎడమ కనుబొమలో మచ్చ ఉందని తెలుసు. తాపీగా, చెప్పులు ఈడుస్తూ నడిచేవాడని తెలుసు. తెలియడమే గానీ మనిషి లేడు. ఫొటోల్లో ఉన్నాడు, బిగుసుకుపోయి. ఆ వారంలోనే ఒక సాయంత్రం వంటింట్లో అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంటే, గుమ్మం దగ్గర కొడుకు నిలబడి పట్టా మీద కాళ్ళు తుడుచుకుంటున్నాడు. కోడలు అక్కడే నేలమీద కూలబడి, చీకటి పడేదాకా అతన్నే చూస్తూ ఉండిపోయింది. అప్పటినుంచీ పొద్దుటొకసారి, సాయంత్రమొకసారి, కాలు నిలవకపోతే మధ్యాహ్నం కూడా, "అత్తయ్యా, ఆయన్ని రప్పించరూ?"

కాఫీ కప్పులు కడుగుతుండగా కళ్ళాసుపత్రి డాక్టరమ్మ వచ్చింది. కళ్ళమ్మాయి దగ్గరికి మనుషుల్ని పంపేది ఆవిడే. కుర్చీలో ఉన్నవాడికేసి ఒకసారి చూసి, "బాగున్నాడు," అంది, అలవాటైన చుట్టాన్ని పలకరించినట్టు. తర్వాత బల్ల దగ్గర కూర్చుని అత్తగారి నాడి పట్టుకుంది.

"చిక్కిపోయారేమిటండీ?"

"వయసు."

"వయసు కాదు. ఎప్పుడూ వాణ్ణి మోస్తూ కూర్చుంటే చిక్కరా?" డాక్టరమ్మ చెయ్యి వదిలి కుర్చీకేసి తిరిగింది. ఆవిడకి కాస్త ఆలోచన పిచ్చి. "గుండె ఎందుకుందంటే చెప్పగలను. నెత్తురు తోడ్డానికి. మూత్రపిండం దాన్ని వడకట్టడానికి. కన్ను చూడ్డానికి. ఈ ఊహ ఎందుకు పెట్టుకుందంటారు ఒళ్ళు? లేనిదాన్ని చూస్తూ కూర్చుంటే ఏ ప్రాణికి ఏమిటి లాభం?"

"కనబడకపోతే వెతుక్కుంటూ ఎలా పోతాం?" అంది అత్తగారు. "కుక్క కూడా నిద్దట్లో కాళ్ళాడిస్తుంది. దానికి ఏ కుందేలో కనబడుతూ ఉంటుంది. తెల్లారాక అది దానికోసమే పరిగెడుతుంది."

"వెతుక్కోడానికన్నమాట. మరి ఎంత వెతికినా దొరకనిదైతే?"

కుర్చీలో కొడుకు, గాలికి దీపం రెపరెపలాడినట్టు ఒక్కసారి కదిలి మళ్ళీ కుదురుకున్నాడు. కోడలు గబుక్కున, "డాక్టరమ్మా, మీకు కాఫీ?" అంది.

డాక్టరమ్మ వచ్చిన పని వేరే ఉంది. ఆవిడ పెద్ద ఊళ్ళో పెద్ద ఆసుపత్రికి వెళ్ళిపోతోంది. అక్కడ కళ్ళు చేయడానికి ప్రత్యేకంగా ఒక గది కట్టారు, ఉత్తరం వైపంతా అద్దాలే. కన్ను పోయిన పిల్లలు ఎక్కడెక్కడినుంచో వస్తారు, చేసేవాళ్ళు లేక కంటికి గుడ్డ కట్టుకుని తిరిగి వెళ్ళిపోతున్నారు. "నువ్వు రా. ఇది మూడోసారి అడగడం. అత్తగారిని కూడా తీసుకురా, ఉండడానికి ఇల్లిస్తారు."

కోడలి కళ్ళు కుర్చీ వైపే పోయాయి. గడప దాటితే ఆయన ఉండడు.

డాక్టరమ్మ అది చూసింది. "నెలాఖరుదాకా ఆగుతాను. ఆ తర్వాత ఇంకొకర్ని పెట్టుకోక తప్పదు," అని లేచింది.

ఆ మాట ఒకపక్క తొలుస్తూంటే కోడలు ఒక కన్నుకి మెరుగు పెడుతూ కూర్చుంది. ఎండ బల్ల మీంచి జారి, నేల మీదికి, నేల మీంచి కుర్చీ మీదికి ఎక్కింది. సరిగ్గా ఆయన మొహం మీద పడింది. మామూలుగా తలెత్తి చూసిన కోడలు అలాగే ఉండిపోయింది. ఎండ పడితే కంటిపాప ముడుచుకోవాలి. ఎవరికైనా సరే. పొద్దస్తమానం మనుషుల కళ్ళలోకి చూస్తూ బతికే మనిషి ఆమె. ఆయన కంటిపాపలు ముడుచుకోలేదు. గుండ్రంగా, నల్లగా, ఎక్కడివక్కడే ఉన్నాయి.

లేచి దగ్గరికి వెళ్ళింది. వంగి చూసింది. నల్లగుడ్డులో పాప చుట్టూ లేత పసుపు వలయం, కింద కుడివైపు ఆ వలయానికి చిన్న తోక. కుంచె ఎత్తేటప్పుడు ఆమె చెయ్యి లాగే తోక అది. ఎంత ప్రయత్నించినా మానని చేతివాటం. బల్ల మీద పళ్ళెంలో ఆరబెట్టిన కళ్ళన్నిటికీ ఉంది.

"అత్తయ్యా! ఈ కళ్ళు ఆయనవి కావు."

"మరెవరివే?"

"నేను చేసినవి."

అత్తగారు కళ్ళు తెరవలేదు. దొరికిపోయిన మనిషిలా చిన్నగా అంది. "అరిగిపోతోందే. రోజూ తీసి వాడితే ఏదైనా అరగదూ? అరిగినచోట దగ్గర్లో ఏది కనిపిస్తే అది తెచ్చి అతుక్కుంటుంది కాబోలు. నేను కావాలని చెయ్యలేదు. ఆ చేతులు మీ మామగారివి. మారి చాలా రోజులైంది."

కోడలు ఆ చేతులకేసి చూసింది. ఆయనవి కావా ఇవి? పొడుగువేళ్ళు, అరిగిన గోళ్ళు. కాదని గానీ అవునని గానీ చెప్పడానికి ఆమె దగ్గర ఏముంది? లోపల అంతా చీకటే. మరి నడక? ఆ తల వంచే పద్ధతి? తను ఇన్నేళ్ళూ పొద్దున్నా సాయంత్రం ఎవర్ని చూస్తూ కాఫీ తాగింది? ఆయన ఇప్పటికి రెండుసార్లు చచ్చిపోయాడు, రెండోసారి చావడం తను గమనించనేలేదు.

ఇంకొకరైతే ఏడ్చి ఊరుకునేవారేమో. ఆమెకు ఒకటే విద్య వచ్చు. పోయినదానికి జోడీ చేయడం.

మర్నాడు పొద్దున్నే అత్తగారిని తీసుకొచ్చి రోగులు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టింది. ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ బల్ల మీద పరిచింది. "కళ్ళతో మొదలుపెడదాం. నల్లగుడ్డు అంచు ఇంకాస్త లేత రంగు అనుకోండి. ఇంకాస్త. అదీ! అలాగే పట్టుకోండి, కదలనివ్వకండి." అత్తగారు కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టి తలుచుకునేది. కోడలు ఫొటో ఒక చేత్తో పట్టుకుని ఊహ ముందు మోకాళ్ళ మీద కూర్చుని సరిపోల్చేది. చెవి కాస్త కిందికి. పెదవి పల్చన. కనుబొమ మచ్చ ఇంత పొడుగు లేదు. చిన్నత్తని కూడా సాక్ష్యానికి పిలిచింది. ఆవిడ వచ్చి, అతని గడ్డం ఇంకా చిన్నదని చెప్పి, తర్వాత కాదేమోనంది, తర్వాత నన్నడక్కండే బాబూ అని వెళ్ళిపోయింది.

రోజులు గడిచాయి. రోగులు వీధరుగు మీద కూర్చుని ఎదురుచూస్తున్నా కోడలికి పట్టలేదు. అత్తగారికి తలనొప్పి పట్టుకుంది. ముద్ద దిగడం లేదు. "ఇవాళ్టికి చాలే," అంటే, "అయిపోవచ్చింది అత్తయ్యా, ఈ మెడ ఒక్కటీ," అనేది కోడలు. అసలు ఆ మాట అంటున్నప్పుడు ఆమె అత్తగారి మొహంకేసి చూడనైనా చూడలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, అదీ నిజం.

ఆఖరికి ఒక పొద్దున అయింది. కుర్చీలో ఆయన కూర్చున్నాడు. ఫొటోలో చొక్కా, ఫొటోలో దువ్విన జుట్టు, ఫొటోలో ఉన్న సగం నవ్వు. ఎక్కడా వంక లేదు. కోడలు ఎదురుగా నిలబడి, రోగులకి చెప్పే మాటే చెప్పింది. "సరిపోయింది."

చూడ్డానికి వచ్చిన చిన్నత్త గుమ్మంలోనే ఆగిపోయింది. "ఫొటోకి కాళ్ళొచ్చినట్టుందే. నాకెందుకో ఒళ్ళు జలదరిస్తోంది," అంది. కోడలు చుట్టూ తిరిగి చూసింది. అప్పుడు తెలిసింది. ఫొటోలన్నీ ఎదరనుంచి తీసినవే. పక్కనుంచి చూస్తే చెంప తర్వాత చెంప అలా చదునుగా పోతూనే ఉంది. చెవి వెనక ఏమీ లేదు. వీపు కుర్చీలో కలిసిపోయింది.

"ఏదీ, నన్ను చూడనివ్వు," అని అత్తగారు కళ్ళు తెరిచింది. అంత పని చేసీ ఆవిడ ఇంతవరకూ చూడలేదు, కళ్ళు మూసుకుని పట్టుకునే ఉంది. కొడుకు ఎదురుగా కూర్చుని సగం నవ్వుతున్నాడు. ఆవిడ తేరిపార చూసింది.

"ఎవరే ఇతను?"

అత్తగారు గబగబా కళ్ళు మూసుకుంది. కుర్చీ ఖాళీ అయింది, మళ్ళీ నిండింది. అదే చొక్కా, అదే నవ్వు. కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకుంది. అదే. వంటింట్లోకి వెళ్ళి తలుచుకుంది, పెరటి గుమ్మంలో నిలబడి తలుచుకుంది. ఎక్కడ పిలిచినా సగం నవ్వువాడే వచ్చాడు.

"నా కొడుకు రావట్లేదే," అంది ఆవిడ. గొంతు పసిపిల్ల గొంతులా అయిపోయింది. "నేను పిలిస్తే నువ్వు చేసినవాడు వస్తున్నాడు. అరిగిపోయినా, అతుకులేసినా, వాడు నావాడేనే. వాణ్ణెక్కడికి తోసేశావే?"

"అత్తయ్యా, నేను..."

"నువ్వు నన్ను చూసి ఎన్నాళ్ళైందే? నేను తిన్నానో లేదో వాడి మొహం చూస్తూ అడుగుతావు. నా మోకాళ్ళకి నూనె రాస్తూ వాణ్ణి చూస్తావు. నాకు ఏడవాలనిపిస్తే ఏడవను, ఏడిస్తే వాడు చెదిరిపోతాడు, నువ్వు కంగారుపడతావు. ఒక తల్లి కొడుకుని తలుచుకోడానికి కూడా వేళలు పెట్టావు. నీ పక్కన పెట్టుకోడానికి నేనేమన్నా లాంతర్నా?"

చిన్నత్త వచ్చి అక్కని పట్టుకుంది. కోడలు బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ప్రతి మాటా నిజమే.

ఆ తర్వాత ఆమె ఎవర్నీ రప్పించమనలేదు. అత్తగారు ఎవర్నీ తలుచుకోలేదు. ఆవిడకి కొడుకు గుర్తొస్తే లేచి గబగబా వీధిలోకి వెళ్ళిపోయేది, గడప అవతల నిలబడి కళ్ళు తుడుచుకుని వచ్చేది. ఆ ఇంట్లో గాడిద లేదు, పేకముక్క లేదు, మనిషి లేడు. గోడలు గోడల్లాగే ఉన్నాయి. ఇద్దరాడవాళ్ళు ఒకరికొకరు తగలకుండా మసులుకున్నారు.

కోడలు ఒక నిశ్చయానికి వచ్చింది. చేసిన పాపానికి ఇక్కడే ఉండి, ఈవిడని చూసుకుంటూ, ఈవిడ తిట్టినన్నాళ్ళు పడుతూ బతకాలి. నెలాఖరులోపే ఆసుపత్రికి వెళ్ళి డాక్టరమ్మకి రానని చెప్పేసింది. జరిగింది కూడా దాచకుండా చెప్పింది.

డాక్టరమ్మ అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఒకరి మూత్రపిండం ఇంకొకరికి పెడతాం. బాగానే పనిచేస్తుంది. కానీ ఇచ్చినవాళ్ళకి ఒకటైనా మిగలాలి కదమ్మా," అంది. ఇంక ఒత్తిడి చెయ్యలేదు.

తిరిగి వచ్చేసరికి చిన్నత్త వీధిగుమ్మంలో నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"లోపలికి వెళ్ళకే."

"అత్తయ్యకేమైనా అయిందా?"

"అక్కకేం కాలేదు. నువ్వే... లోపల నువ్వే ఉన్నావు."

కోడలు గడప దాటింది. బల్ల దగ్గర ముక్కాలిపీట మీద తనే కూర్చుని ఉంది. చేతిలో కాఫీ కప్పు. ఇప్పుడు చెదిరిపోతుంది అనుకుంది, మనిషి వచ్చేసింది కాబట్టి. చెదరలేదు. ఇంకొక అడుగు వేసింది. ఊహ అలాగే కూర్చుని ఉంది, ఎదురుగా మనిషి నిలబడి ఉన్నా.

వెనకనుంచి చిన్నత్త గుసగుసలాడింది. "ఇలా ఎప్పుడూ అవలేదే. ఉన్న మనిషికి ఊహెందుకు? లేనివాళ్ళకే కదా? అక్క లెక్కలో నువ్వు..." మిగతాది మింగేసింది.

కోడలు చూడకుండా ఉండలేకపోయింది. తనని తను అలా పక్కనుంచి ఎన్నడూ చూసుకోలేదు, మనసులో కూడా. ఇందులో అరుగుదల లేదు, అతుకు లేదు. చెవి వెనక తెల్లవెంట్రుకలున్నాయి, ఆమెకే తెలియనివి. మెడ మీద ఎండిపోయిన రంగు మరక. నడుము ఒకపక్కకి వాలిపోయి ఉంది. కిటికీకి మబ్బు అడ్డం వచ్చి తొలగింది. కంటిపాపలు పెద్దవై, మళ్ళీ చిన్నవయ్యాయి. బతికున్న కళ్ళు. అవి గోడవారనున్న చెక్కకుర్చీకేసి చూస్తున్నాయి. కుర్చీలో ఎవరూ లేరు. ఆఖరి బస్సు వెళ్ళిపోయిందని తెలిసీ స్టాపులోనే నిలబడ్డ మనిషి మొహం అది. కోడలికి, ఆమె ఎవరో పరాయి ఆడమనిషి అయినట్టు, పోయి భుజమ్మీద చెయ్యి వేద్దామనిపించింది.

"ఆరేళ్ళుగా నేను చూసేది ఇదీ," అంది అత్తగారు. కళ్ళు మూసుకుని మంచం మీద కూర్చుని ఉంది, చెమటలు కారుతున్నాయి.

"ఎందుకత్తయ్యా ఇలా చేస్తున్నారు? నేను చచ్చిపోతున్నానా?"

"ఛ, నోర్ముయ్! అలవాటు చేసుకుంటున్నాను. నువ్వు ఎదురుగా ఉండగానే లేవు అనుకోవడం. ఎంత కష్టమో తెలుసా? వంటింట్లో నీ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. మూడురోజులనుంచీ గింజుకుంటే ఇవాళ నిలిచావు."

"నేనెక్కడికీ వెళ్ళట్లేదు. డాక్టరమ్మకి చెప్పేసి వచ్చాను."

"అయితే మళ్ళీ వెళ్ళి, తప్పు చెప్పానని చెప్పు."

"మిమ్మల్ని ఇలా చేసి ఎలా వెళ్ళమంటారు? పోనీ మీరూ రండి నాతో."

అత్తగారు కళ్ళు తెరిచింది. ముక్కాలిపీట ఖాళీ అయింది. "నేనొస్తే నా మొహంలో వాణ్ణి వెతుకుతావు. నా ముక్కు వాడి ముక్కే. అక్కడ కూడా మొదలుపెడతావు. నాకు చెల్లెలుంది, ఈ వీధి ఉంది. నాకు చాలు."

"నా మీద కోపంగా లేదా?"

"లేకపోవడమేమిటి? బోలెడుంది. నువ్వు కప్పు కింద పెట్టిన చప్పుడుకే ఒళ్ళు మండుతోంది. ఎదురుగా ఉంటే అది తగ్గదు. లేనప్పుడే కాస్త ప్రేమగా తలుచుకోగలను నిన్ను. అందుకే వెళ్ళు."

కోడలు ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, ఒళ్ళో తల పెట్టి బావురుమంది. ఆవిడ తల మీద చెయ్యి వేయలేదు, తల తీసెయ్యమనీ అనలేదు. కాసేపయ్యాక, "ముక్కు చీదుకో. చీరంతా పాడుచేస్తున్నావు," అంది.

ఆమె వెళ్ళింది. ఉత్తరం వైపు అద్దాల గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే రకం వెలుతురు. కన్ను పోయిన పిల్లలు అమ్మల కొంగు చాటునుంచి ఒంటికంటితో ఆమెను చూసేవారు. పిల్లలకి కళ్ళు చెయ్యడం తల ప్రాణం తోకకి తెస్తుంది, ఒక్కక్షణం కుదురుగా కూర్చోరు. పైగా పెరుగుతారు, చేసిన కన్ను కొన్నాళ్ళకే చాలదు, మళ్ళీ చేయాలి. ఆమెకు ఊపిరి సలపలేదు. ఆసుపత్రివాళ్ళిచ్చిన ఇంటికి వచ్చి మంచం మీద వాలి కళ్ళు మూసుకుంటే చీకటే. ఆ చీకట్లో ఇప్పుడు ఎవర్నీ వెతకలేదు. వెతకడం మానిందే గానీ ఆయన లేనితనం ఆ గదిలో కూడా ఉంది, గోడ అవతల ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు. కొన్ని సాయంత్రాలు దీపం వెయ్యడానికి భయమేసేది, ఎదురుగా ఖాళీ కుర్చీ కనబడుతుందని.

వారానికోసారి ఫోను చేసేది. అత్తగారు రెండు మాటలు మాట్లాడి ఫోను చెల్లెలికిచ్చేసేది.

"ఎవరైనా కనిపిస్తున్నారా చిన్నత్తా?"

"ఇంకెవరు, నువ్వే. ఆ పీట మీద, అదే చూపు. నాకు భయం పోయిందిలే. నిన్న నీ పక్కనే కూర్చుని చిక్కుళ్ళు ఒలిచాను."

ఫోను పెట్టేశాక కోడలు తన చేతులకేసి చూసుకునేది. తనింకా అక్కడే కూర్చుని ఉంది. ఆ కుర్చీకేసి చూస్తూనే ఉంది. ఇక్కడ పని చేసుకుంటూ, అన్నం తింటూ తిరుగుతున్నది మరి ఎవరు? ఏది నిజమైన తను, ఏది జోడీ?

కొన్నాళ్ళకి చిన్నత్త, "నువ్వు ఇవాళ లేచి నిలబడ్డావే," అంది. మరికొన్నాళ్ళకి, "కుర్చీకి వీపు పెట్టి కూర్చున్నావు. ఏదో తింటున్నావు, మూతంతా పూసుకుని," అని నవ్వింది. ఆ తర్వాత కనిపించడం తగ్గింది. వారంలో ఒక రోజు, ఒక పూట. అత్తగారు ఫోనులో మాట్లాడే మాటలు మాత్రం రెండునుంచి పదయ్యాయి, పదినుంచి తిట్లయ్యాయి. తిండి సరిగా తినడం లేదని, వానలో తడిశావని. కోడలు ఆ తిట్లన్నీ నిలబడి వినేది.

ఒక మధ్యాహ్నం చిన్నత్తే ఫోను చేసింది. కోడలు ఒక పిల్ల కంటికి అచ్చు తీస్తూ ఉంది. చేతులు తుడుచుకుని అద్దాల దగ్గరికి వచ్చింది.

"ఏమైంది చిన్నత్తా?"

"ఏం కాలేదు. నువ్వు రావడం లేదే ఈమధ్య. బొత్తిగా రావడం లేదు. అది చెబుదామని."

"మరి ఇల్లు ఖాళీగా ఉందా?"

"ఖాళీయా! నిన్నటినుంచీ నట్టింట్లో కాలు పెట్టడానికి లేదు. ఎవరో పిల్లాడు. ఐదేళ్ళుంటాయేమో. లాగూ జారిపోతోంది, ఒక చేత్తో అది పట్టుకుని పరిగెడుతున్నాడు. పెరట్లోంచి వీధిగుమ్మందాకా, వీధిగుమ్మంనుంచి పెరట్లోకి. నేను చూడగానే పోల్చుకున్నాను. మనవాడే. నువ్వెరగవులే, నీ పెళ్ళికి ముప్ఫయ్యేళ్ళవాడు."

కోడలు ఎన్నడూ చూడనివాడు. ఆ వయసులో అతని ఫొటో ఒక్కటైనా ఇంట్లో లేదు. సరిదిద్దడానికి తన దగ్గర ఏమీ లేదు. ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు. వెనక కుర్చీలో పిల్ల వేళ్ళకి మైనం పూసుకుని ఆమెకేసి చూస్తోంది.

"వింటున్నావా?" అంది చిన్నత్త.

"వింటున్నాను." ముక్కు తుడుచుకుంది. అడగకూడదనుకుంటూనే అడిగేసింది. "కళ్ళెలా ఉన్నాయి చిన్నత్తా?"

"చూద్దామంటే నిలబడితేగా!"

ఆ వెనక, గదుల అవతలనుంచి, అత్తగారి కేక వినిపించింది. అంత పెద్ద గొంతు ఆవిడకి ఉందని కోడలికి ఇన్నేళ్ళూ తెలియదు.

"ఒరేయ్, పడతావురా! మెల్లగా!"